రెండు మోటార్ల ఆర్‌సీ విమానం: ఒకటి ఆగే రోజును తలుచుకుని కట్టాలి

తమ్ముడూ, నీ ప్రశ్న జాగ్రత్తగా చదివాను. రెండేళ్లుగా రేడియోతో నడిపే (ఆర్‌సీ) ఒంటి మోటారు ట్రైనర్, అంటే నేర్చుకునే విమానం, ఎగరేస్తున్నావు. ఇప్పుడు పాతకాలపు రెండు ఇంజన్ల విమానం డకోటా మోడల్ కట్టాలని ఉంది. మీ మామ దగ్గర వాడకుండా పడున్న రెండు 25 సైజు గ్లో ఇంజన్లు (ఇంధనంతో నడిచే చిన్న ఇంజన్లు) ఉన్నాయి. వాటినే పెట్టాలా, ఎలక్ట్రిక్ మోటార్లకు పోవాలా? ప్రొపెల్లర్లు రెండూ ఒకే వైపు తిరగాలా, ఎదురెదురుగా తిరగాలా? వైరింగ్ ఎలా? చిత్తూరు, తిరుపతి మధ్య ఎక్కడ ఎగరేయొచ్చు? ఇవీ నువ్వు అడిగినవి. అన్నిటికీ చెప్తాను, కానీ నీ వరసలో కాదు.

ఎందుకంటే అసలు ప్రశ్న నువ్వు అడగలేదు. గాల్లో ఒక ఇంజన్ ఆగిపోతే నీ చేతులు ఏం చేస్తాయి?

ఒంటి ఇంజన్ విమానంలో ఇంజన్ ఆగితే అది గ్లైడర్ అవుతుంది. ముక్కు కాస్త దించి, ఎదురుగా ఖాళీ చోటు చూసి దించేస్తావు. నీ ట్రైనర్‌తో చాలాసార్లు చేసే ఉంటావు. రెండు ఇంజన్లు ఉన్నాయి కాబట్టి ఒకటి పోయినా రెండోది ఇంటికి తెస్తుందని చాలామంది ధీమా. రెండు ఉన్నప్పుడు వాటిలో ఏదో ఒకటి ఆగే అవకాశం దాదాపు రెట్టింపవుతుంది. ఆగిన తర్వాత విమానాన్ని నేలకు కొట్టేది ఆగిన ఇంజన్ కాదు, ఇంకా తిరుగుతున్న ఇంజనే.

ఇది నాకు చంద్రగిరి దగ్గర ఎండిపోయిన ఒక చెరువులో తెలిసింది. 2012 వేసవి, పొద్దున ఆరున్నర. ఎనిమిది నెలలు కష్టపడి తేలికైన బాల్సా చెక్కతో కట్టిన విమానం, రెండు 25 గ్లో ఇంజన్లు, బరువు మూడున్నర కిలోలకు కాస్త తక్కువ. నేల మీద రెండూ చక్కగా పాడాయి. చక్రాలు నేల వదిలి కొబ్బరిచెట్టంత ఎత్తుకు లేచింది. అప్పుడు ఎడమ ఇంజన్ గొంతు మారింది. ఒక్కసారి తుమ్మినట్టు శబ్దం, ఆ తర్వాత ఏమీ లేదు. ముక్కు ఎడమకు తిరిగింది, ఎడమ రెక్క వాలింది. నా బొటనవేళ్లు నన్ను అడక్కుండానే మూడు పనులు చేశాయి: థ్రాటిల్ (ఇంజన్ వేగం) పూర్తిగా పైకి, ఎయిలెరాన్ (విమానాన్ని పక్కకు వాల్చే రెక్క పలకలు) పూర్తిగా కుడికి, ఎలివేటర్ (ముక్కు ఎత్తే, దించే తోక పలక) వెనక్కి. విమానం వెల్లకిలా తిరిగి బీటలు పడిన చెరువు మట్టిలోకి దూసుకుపోయింది. మొత్తం మూడు సెకన్లు పట్టి ఉంటుందేమో.

ఇంటికొచ్చి ఎడమ ట్యాంకు విప్పి చూస్తే, లోపల క్లంక్‌కి (ఇంధనం పీల్చే గొట్టం చివరి బరువుకి) తగిలించే సిలికాన్ ట్యూబుకి సూదిమొనంత చీలిక ఉంది. నేల మీద ట్యాంకు నిండుగా ఉన్నంతసేపు అది ఇంధనంలో మునిగి ఉంది. ముక్కు పైకి లేచి, ఇంధనం వెనక్కి జరగ్గానే చీలిక బయటపడి గాలి పీల్చుకుంది. ఇంజన్ ఆగడానికి కారణం ఆ చీలిక. విమానం పోవడానికి కారణం మాత్రం నా మూడు తప్పులు.

అవి ఎందుకు తప్పులో తెలియాలంటే కాడెద్దుల బండిని తలుచుకో. రెండు ఎద్దుల్లో ఎడమది ఆగిపోతే బండి ఎడమకే తిరుగుతుంది. కుడి ఎద్దును ఎంత అదిలిస్తే అంత గట్టిగా తిరుగుతుంది. నేను ఫుల్ థ్రాటిల్ ఇచ్చి చేసింది అదే. ఇక ఎయిలెరాన్: కుడికి ఇస్తే ఎడమ రెక్క మీది ఎయిలెరాన్ కిందికి దిగుతుంది. అప్పటికే వేగం తగ్గి వాలుతున్న ఆ రెక్కకు గాలి ఇంకా నిటారుగా తగులుతుంది, ఈడ్పు పెరుగుతుంది, రెక్క స్టాల్ అవుతుంది, అంటే పైకి మోసే బలం పోతుంది. పైనుంచి ఎలివేటర్ లాగితే ఉన్న కాస్త వేగం కూడా పోతుంది. ముక్కును పక్కకు తిప్పే తోక పలక, రడ్డర్ అన్నది ఒకటి ఉందని నా ఎడమ బొటనవేలికి గుర్తే రాలేదు, ఎందుకంటే ట్రైనర్ మీద దాన్ని నేల మీద తప్ప ఎప్పుడూ వాడలేదు.

సరైన పని వినడానికి సులువు. ముందు థ్రాటిల్ దించు. రెండో ఎద్దు కూడా ఆగితే బండి తిరగడం ఆగుతుంది. వెంటనే ముక్కు దించి వేగం కాపాడుకో. తర్వాత రడ్డర్‌తో ముక్కు నేరుగా పెట్టి, ఎదురుగా ఉన్న చోటే దించు. వెనక్కి తిప్పి రన్‌వేకి తేవాలని ఆశపడొద్దు. ఎత్తు బాగా ఉంటేనే, ముక్కు నిలకడగా ఉన్నాక, బతికున్న మోటారుకు కొంచెం కొంచెంగా పవర్ ఇవ్వు, అదీ రడ్డర్ ఆపగలిగినంత వరకే. నీ మిగతా ప్రశ్నలన్నిటికీ నా జవాబులు దీన్నుంచే వస్తాయి.

మొదటిది, డకోటా వద్దు. 1935లో మొదటిసారి ఎగిరిన ఆ విమానం మీద నాకూ ప్రేమే. కానీ దాని రెక్క చివరలకు వచ్చేసరికి బాగా సన్నబడుతుంది. మోడల్ సైజులో అలాంటి రెక్క చివర్ల నుంచే ముందు స్టాల్ అవుతుంది. పైగా తోక చక్రం, టేకాఫ్‌లోనే పక్కకు లాగుతుంది. చక్రాలు నాసెల్‌లలో (రెక్క మీద ఇంజన్ ఉండే గూళ్లలో) ఉంటాయి కాబట్టి ప్రతి గట్టి ల్యాండింగూ మోటారు మౌంట్‌నే కదిలిస్తుంది. మొదటి ట్విన్‌కి ఇన్ని పరీక్షలు అక్కర్లేదు.

దాని బదులు డోర్నియర్ 228 కట్టు. మన హెచ్‌ఏఎల్ కాన్పూర్‌లో తయారుచేసే విమానమే, కోస్ట్‌గార్డ్ వాళ్లు వాడేది. రెక్క పైన ఉంటుంది, ముక్కు చక్రం ఉంటుంది, పెద్ద చక్రాలు బాడీ పక్కన ఉబ్బుల్లో ఉంటాయి, నాసెల్‌లకు మోటారు తప్ప వేరే భారం లేదు. బాడీ దాదాపు పెట్టెలాంటిది, షీటుతో కట్టడం తేలిక. అసలు విమానం రెక్క పొడవు 16.97 మీటర్లు, రెక్క వైశాల్యం 32 చదరపు మీటర్లు. పదో వంతు సైజులో కడితే 1.7 మీటర్ల రెక్క, 32 చదరపు డెసిమీటర్ల వైశాల్యం వస్తుంది. బరువు 1.9 కిలోలు దాటకుండా చూసుకుంటే చదరపు డెసిమీటరుకు 60 గ్రాముల లోపే. నెమ్మదిగా ఎగురుతుంది, నెమ్మదిగా దిగుతుంది. 2 కిలోల లోపు ఉంచమనడానికి ఇంకో కారణం ఉంది, అది తర్వాత.

రెండోది, ఎలక్ట్రిక్. ఇందులో నాకు సందేహమే లేదు. గ్లో ఇంజన్ ప్రేమ వేరు, ఆముదం పొగ వాసన నాకు ఇప్పటికీ ఇష్టం. కానీ ఎలక్ట్రిక్ మోటారు గాల్లో ఆగడం అరుదు. అంతకంటే ముఖ్యంగా, దాన్ని నువ్వే గాల్లో ఆపి మళ్లీ తిప్పగలవు. గ్లో ఇంజన్‌తో అది కుదరదు. ఈ ఒక్క సౌకర్యం కోసమే మొదటి ట్విన్ ఎలక్ట్రిక్ కావాలంటాను.

ఈ బరువుకు రెండు 2212 సైజు, 1000 కేవీ (వోల్టుకు నిమిషానికి 1000 చుట్లు) బ్రష్‌లెస్ మోటార్లు చాలు. 3 సెల్ లైపో బ్యాటరీ మీద పది అంగుళాల లోపు ప్రొపెల్లర్‌తో ఒక్కొక్కటి సుమారు 15 నుంచి 18 ఆంపియర్లు లాగుతుంది, ముప్పావు కిలో పైనే తోస్తుంది. వాట్‌మీటర్ పెట్టి నువ్వే కొలుచుకో, పెట్టె మీది అంకెల్ని నమ్మొద్దు. ఒక్కోదానికి 30 ఆంపియర్ల ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని నడిపే సర్క్యూట్). బ్యాటరీ ఒక్కటే, 3300 ఎంఏహెచ్. రెండు మోటార్లకు రెండు వేరు బ్యాటరీలు పెట్టేవాళ్లున్నారు. నేను పెట్టను. ఒకటి ముందు అయిపోతే ఒక మోటారు ముందు ఆగినట్టే కదా. టైమర్ ఎనిమిది నిమిషాలకు పెట్టుకో.

కట్టుబడి సంగతి. బాల్సా మన దగ్గర దొరకడం కష్టం, ధర ఎక్కువ. నువ్వు ఫోమ్‌బోర్డుతోనే కట్టు. రెక్కలో ఒక చివర్నుంచి ఇంకో చివరిదాకా స్పార్ (రెక్క వెన్నుకర్ర) ఉండాలి. కార్బన్ ట్యూబు లేకపోతే అల్యూమినియం చదరపు గొట్టమైనా సరే, రెండు నాసెల్‌లనూ దాటి బయటికి పోవాలి. రెక్క పై తోలుకు ఫెవికాల్‌లో నీళ్లు కలిపి బ్రౌన్ పేపర్ అంటిస్తే ఆశ్చర్యపోయేంత బలం వస్తుంది. మోటారు మౌంట్ 3 మిల్లీమీటర్ల ప్లైవుడ్, ఎపాక్సీతో అంటించాలి. హాట్ గ్లూ మీద మాత్రం మోటారు నిలబెట్టొద్దు. మే నెలలో మన ఎండకు కారు డిక్కీలో పెట్టి తీసుకెళ్తే ఆ గ్లూ మెత్తబడి, వేలితో నొక్కితే మోటారు పక్కకు ఒరగడం నేను కళ్లారా చూశాను. అది గాల్లో జరిగి ఉంటే ఏమయ్యేదో చెప్పక్కర్లేదు.

స్కేల్ కొలతల్లో మూడు మార్పులు చెయ్యి. నాసెల్‌లను బాడీకి ఎంత దగ్గరగా పెట్టగలిగితే అంత దగ్గరగా పెట్టు, ప్రొపెల్లర్ కొసకు బాడీకి మధ్య రెండు మూడు సెంటీమీటర్లు వదిలితే సరి. దూరం తగ్గేకొద్దీ ఒంటి మోటారు ముక్కును తిప్పే బలం తగ్గుతుంది. తోక మీది ఫిన్ (నిలువు రెక్క), రడ్డర్ అసలు కంటే 15 నుంచి 20 శాతం పెద్దవి చెయ్యి. ఎవరైనా కొలిచి అడిగితే నేను చెప్పానని చెప్పు. ఇక రెక్క చివర్లలో ముందు అంచు లోపలి భాగం కంటే రెండు డిగ్రీలు కిందికి వచ్చేలా మెలిపెట్టు, దాంతో చివర్లు ఆఖరున స్టాల్ అవుతాయి. సీజీ (విమానం బరువు తూగే చోటు) మొదటి ఫ్లైటుకు రెక్క వెడల్పులో నాలుగో వంతు దగ్గర, అంటే 20 సెంటీమీటర్ల రెక్కకు ముందు అంచు నుంచి 5 సెంటీమీటర్లు. వెనక్కి మాత్రం పోనివ్వకు.

వైరింగ్‌లో ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే: ఈఎస్‌సీలను నాసెల్‌లలో పెట్టి, బ్యాటరీ వైర్లను పొడుగ్గా లాగుతారు. ఆ రెండు వైర్లు పొడుగైతే వోల్టేజీ ఎగిసిపడి ఈఎస్‌సీలోని కెపాసిటర్లు దెబ్బతింటాయి. ఈఎస్‌సీని రెక్క మొదట్లో, గాలి తగిలే చోట పెట్టి, మోటారుకు పోయే మూడు వైర్లనే పొడుగు చెయ్యి. వాటికి పర్వాలేదు. ప్రతి ఈఎస్‌సీ లోపల రిసీవర్‌కు 5 వోల్టులిచ్చే బీఈసీ ఉంటుంది. రెండూ ఒకేసారి రిసీవర్‌కు కరెంటు పంపకూడదు. కనీసం ఒకదాని రిసీవర్‌కు పోయే ప్లగ్గులోంచి ఎర్ర వైరు తీసెయ్యి. నేనైతే రెండింటివీ తీసేసి, వేరే బీఈసీ ఒకటి పెడతాను. ఈఎస్‌సీ మాడిపోయినా రిసీవర్ బతికుండాలి కదా.

రెండు ఈఎస్‌సీలకూ థ్రాటిల్ క్యాలిబ్రేషన్ చెయ్యాలి, అంటే స్టిక్ కింది, పై హద్దులు రెండింటికీ ఒకేలా నేర్పాలి. చెయ్యకపోతే ఒకటి ముందు, ఒకటి వెనక స్టార్టయి, రన్‌వే మీదే విమానం పక్కకు పోతుంది. ఇంకొకటి, రెండింటినీ వై కేబుల్‌తో ఒకే ఛానెల్‌కు కలపొద్దు. వేర్వేరు ఛానెళ్లకు ఇచ్చి ట్రాన్స్‌మిటర్‌లో మిక్స్ చెయ్యి. ఎందుకో ఇప్పుడే చెప్తాను, ముందు ప్రొపెల్లర్ల సంగతి ముగిద్దాం.

రెండూ ఒకే వైపు తిరిగినా విమానం ఎగురుతుంది, చాలా నిజం విమానాలు అలాగే ఎగురుతున్నాయి. కాకపోతే వెనకనుంచి చూస్తే గడియారం ముల్లులా తిరిగే ప్రొపెల్లర్, ముక్కు పైకెత్తినప్పుడు కిందికి దిగే కుడి వైపున ఎక్కువ లాగుతుంది. దాంతో కుడి ఇంజన్ లాగుడు బాడీకి దూరం జరుగుతుంది, ఎడమ ఇంజన్ లాగుడు బాడీకి దగ్గరవుతుంది. అందుకే అలాంటి విమానంలో ఎడమ ఇంజన్ ఆగడం కుడిది ఆగడం కంటే ప్రమాదం. నాది ఎడమదే ఆగింది. ఎదురెదురుగా తిప్పితే ఈ తేడా పోతుంది. బ్రష్‌లెస్ మోటారుకు మూడు వైర్లలో ఏ రెండు మార్చినా తిరిగే దిశ మారుతుంది. ఎడమది వెనకనుంచి చూస్తే గడియారం దిశలో, కుడిది అందుకు వ్యతిరేకంగా, అంటే పైకి వచ్చిన బ్లేడు బాడీ వైపు వాలేలా తిప్పు. కుడి మోటారుకు రివర్స్ ప్రొపెల్లర్ కొనాలి, మామూలుదాన్ని తిరగేసి బిగిస్తే పనికిరాదు. అక్షరాలు ఉన్న వైపు ముందుకు ఉండాలి. మామూలు మర ఉన్న షాఫ్టు మీద వ్యతిరేకంగా తిరిగే ప్రొపెల్లర్ నట్టును వదులు చేస్తూ ఉంటుంది కాబట్టి అక్కడ వదులు కాకుండా పట్టుకునే నైలాక్ నట్టు తప్పనిసరి.

ఇప్పుడు ఆ వేరు ఛానెళ్ల సంగతి. ట్రాన్స్‌మిటర్‌లో మూడు స్థానాలున్న ఒక స్విచ్ తీసుకో. మధ్యలో ఉంటే రెండు మోటార్లూ పనిచేస్తాయి. పైకి కొడితే ఎడమది ఆగాలి, కిందికి కొడితే కుడిది ఆగాలి. వేరే స్విచ్‌తో రెండూ కట్ అవ్వాలి, బ్యాటరీ తగిలించేటప్పుడు అది ఎప్పుడూ కట్‌లోనే ఉండాలి. నీ ముందు తిరిగే కత్తులు రెండు ఉన్నాయి, ఒకదాన్ని తప్పించుకునే కంగారులో ఇంకోదాంట్లో చెయ్యి పెట్టేవాళ్లుంటారు. సిగ్నల్ పోతే రెండు మోటార్లూ ఆగేలా ఫెయిల్‌సేఫ్ పెట్టడం మర్చిపోకు.

విమానం ట్రిమ్ అయ్యి, మామూలుగా పది ఫ్లైట్లు అయ్యాక అసలు పని మొదలవుతుంది. 70, 80 మీటర్ల ఎత్తుకు తీసుకెళ్లు. గాలికి ఎదురుగా, సగం థ్రాటిల్‌తో నేరుగా పోతుండగా స్విచ్ పైకి కొట్టు. ముక్కు ఎడమకు తిరగడం చూస్తావు. నోటితో గట్టిగా చెప్పుకుంటూ చెయ్యి: థ్రాటిల్, ముక్కు, రడ్డర్. థ్రాటిల్ సున్నా, ముక్కు కిందికి, రడ్డర్ కుడికి. నిలబడ్డాక స్విచ్ మధ్యకు తెచ్చి మళ్లీ పైకి వెళ్లు. ఎడమది పదిసార్లు, కుడిది పదిసార్లు. ఇది ఒక్కరోజు పని కాదు, నెలంతా చెయ్యి. తర్వాత పక్కన ఒక స్నేహితుణ్ణి నిలబెట్టి, నీకు చెప్పకుండా తనకు తోచినప్పుడు స్విచ్ కొట్టమను. మొదటిసారి అలా కొట్టినప్పుడు నీ బొటనవేళ్లు ఏం చేస్తాయో చూడు. ఇన్నిసార్లు నేర్చుకున్నాక కూడా ఎయిలెరాన్ వైపే పరిగెడతాయి. అవి పరిగెత్తడం మానే దాకా తక్కువ ఎత్తులో విన్యాసాల జోలికి పోకు.

అది వచ్చాక ఇంకో మెట్టు ఉంది. ఎత్తులోనే ఒక మోటారు ఆపి, రెండోదానికి సగం పైన పవర్ ఇచ్చి, రడ్డర్ పట్టుకుని నేరుగా పోతూ మెల్లగా వేగం తగ్గించు. ఒకచోట రడ్డర్ పూర్తిగా ఇచ్చినా ముక్కు ఆగదు, తిరగడం మొదలవుతుంది. ఆ వేగాన్ని కళ్లతో గుర్తుపెట్టుకో. నిజం విమానాల పైలట్లు దాన్ని వీఎంసీ అంటారు, స్పీడోమీటర్ మీద ఎర్ర గీత ఉంటుంది. మనకు ఆ గీత కళ్లలోనే ఉండాలి. ఒంటి మోటారుతో ల్యాండింగుకు వచ్చేటప్పుడు ఆ వేగానికి పైనే ఉండు, వేగం తగ్గాక మళ్లీ పైకెత్తి ఇంకో రౌండు తిరగాలని పవర్ కొట్టకు.

ఎక్కడ ఎగరేయాలన్నది. తిరుమల కొండ దరిదాపులకు వద్దు, అక్కడ డ్రోన్లు ఎగరేయడం నిషేధం. కొండకింద అలిపిరి వైపు కూడా తలపెట్టకు. రేణిగుంటలో ఎయిర్‌పోర్టు ఉంది కాబట్టి అటు పక్కా వదిలెయ్యి. గాదంకిలో వాతావరణ పరిశోధన సంస్థ రాడార్ ఉంది, దాని పరిసరాల్లో నేనైతే ఎగరేయను. డ్రోన్ రూల్స్, 2021 మన మోడల్ విమానాలకూ వర్తిస్తాయి. ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపులో నీ చోటు ఏ రంగులో ఉందో ముందు చూడు. పచ్చ జోన్‌లో 400 అడుగుల దాకా అనుమతి అక్కర్లేదు, పసుపు, ఎరుపు జోన్లలో ముందస్తు అనుమతి లేకుండా ఎగరేయకూడదు. 250 గ్రాముల పైనుంచి 2 కిలోల దాకా ఉన్నది మైక్రో తరగతి. వ్యాపారం కోసం కాకపోతే దానికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అవసరం లేదు. 2 కిలోలు దాటనివ్వొద్దని ఇందాక అన్నది ఇందుకే. మామ ఇంజన్లతో కడితే మూడు కిలోలు దాటుతుంది.

చిత్తూరు వైపు నీకు చోట్లకు కొదవ లేదు. ఫిబ్రవరి నుంచి మే దాకా ఎండిన చెరువులు, పొద్దున ఎనిమిదిలోపు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కూడా మనకు వానలు పడతాయి కాబట్టి చలికాలంలో చెరువుల్లో నీళ్లో బురదో ఉంటుంది, అప్పుడు వేరుశనగ పీకేసిన చేలు చూసుకో, రైతును అడిగి. మామిడి తోటల పక్కన వద్దు, ఒకసారి చెట్ల మీద దిగితే కొమ్మల్లోంచి ముక్కలు ఏరుకోవాలి. జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి పొద్దున్నుంచే విసురుగా ఉంటుంది, ఆ మూడు నెలలు కట్టుకోవడానికి వాడుకో.

మామ ఇంజన్లను అమ్మొద్దు. ఈ డోర్నియర్ మీద చెయ్యి తిరిగాక వాటికీ రోజు వస్తుంది. అప్పుడు ప్రతి ఇంజన్‌కూ దాని నాసెల్‌లోనే వేరు ట్యాంకు, దాని మధ్య భాగం నీడిల్ (ఇంధనం సర్దే మర) ఎత్తుకు సరిగ్గా లేదా ఒక్క సెంటీమీటరు కిందికి. లోపలి సిలికాన్ ట్యూబులు ఏడాదికోసారి మార్చెయ్యి, బాగున్నట్టు కనిపించినా సరే. రెండింటి శబ్దం ఒకటి చెయ్యాలని తంటాలు పడకు. ఒక్కొక్కదాన్నీ విడిగా టాకోమీటర్ (చుట్లు కొలిచే మీటరు)తో గరిష్ఠానికి తెచ్చి, అక్కణ్నుంచి 300 ఆర్‌పీఎమ్ తగ్గేదాకా ఇంధనం పెంచు. రెండింటి మధ్య 200 తేడా ఉన్నా విమానానికి పట్టదు, ఆగకుండా ఉండటమే ముఖ్యం. తర్వాత విమానాన్ని ఎత్తి ముక్కు ఆకాశానికి పెట్టి ఫుల్ థ్రాటిల్‌లో పది సెకన్లు పట్టుకో. శబ్దం కాస్త పెరగాలి. తగ్గితే, తడబడితే ఆ రోజు ఎగరేయకు. నేను ఆ పరీక్ష ఆ రోజు చెయ్యలేదు.

రెక్క కొయ్యడానికి ముందు నాసెల్‌ల మధ్య దూరం, ఫిన్ కొలతలు రాసి పంపు. చూసి చెప్తాను.